పోడు కదిలేది, తోట కదలదు

(చెట్టు కింద మట్టి గురించి తెలుసుకోవలసిన సంగతులు)

"మీ జీడిమామిడి తోటలో పనిచేసేది ఎవరు?" అని అడిగితే మనం "మా అయ్య, మా అమ్మ, సెలవుల్లో నేను" అంటాం. నిజమే. కానీ ఆ లెక్కలో చాలామంది తప్పిపోయారు. వానపాములు, చెదలు, రోకలిబండలు, పేడపురుగులు, కంటికి కనపడని బూజులు, బాక్టీరియా - ఇవన్నీ కూడా మన తోటలో పనిచేసేవే. కూలి అడగవు. అడిగేవి రెండే: తినడానికి కాస్త ఆకు, ఉండడానికి కాస్త తడి నీడ.

ఆ రెండూ ఉంచాలా తీసెయ్యాలా అనేది మన ఇళ్ళలో ప్రతి ఏడూ ఒకసారి తేల్చేస్తారు. సంక్రాంతి వెళ్ళి, జీడి పూత పిందెగా మారి, పిక్కలు రాలడానికి ముందు తోట శుభ్రం చేస్తారు గదా, అప్పుడన్నమాట. ఆకంతా ఊడ్చి ఒక అగ్గిపుల్ల గీస్తే ఒక్క పూటలో తోట అద్దంలా తయారవుతుంది. పిక్క ఎక్కడ పడినా కనపడుతుంది. కానీ ఆ పూట చెట్టు కింద ఏం జరుగుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

పోడు నాటి లెక్క

మన తాతలు పోడు చేసేవారు. కొండవాలు మీద చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, వాన పడగానే జొన్న, సామ, కంది, చిక్కుడు కలిపి వేసేవారు. రెండు మూడేళ్ళు పండించి ఆ చోటు వదిలేసి ఇంకో చోటికి పోయేవారు. హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు 1940లలో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి వాళ్ళ జీవితం గురించి 1945లో ఒక పుస్తకం వేశాడు. అందులో ఈ పోడు పద్ధతి అంతా ఉంది.

చాలామంది పోడు అంటే కాల్చడమే అనుకుంటారు. అది సగం మాటే. మిగతా సగం వదిలెయ్యడం. వదిలేసిన చోట మళ్ళీ తుప్ప లేచేది, ఆకు రాలేది, ఆకు కింద పురుగూ బూజూ చేరేవి. చాలా ఏళ్ళకి మట్టి మళ్ళీ నల్లబడేది. నిప్పు వల్ల పోయినదాన్ని ఆ విశ్రాంతి తిరిగి ఇచ్చేది. విశ్రాంతి తగ్గిపోయిన చోట పోడు కూడా దెబ్బతింది. జనం పెరిగి, తిరగడానికి భూమి తగ్గి, అదే చోటికి తొందరగా తిరిగిరావలసి వచ్చినప్పుడు పంట పడిపోయేది.

ఇప్పుడు మన ఊళ్ళలో పోడు భూముల్లో చాలావాటిలో జీడిమామిడి తోటలు లేచాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2007 డిసెంబరు 31 నుంచి అమలైంది. దాని కింద పట్టా వచ్చిన భూమి మనదే. పిల్లలకి వస్తుంది, బయటివాళ్ళకి అమ్మడానికి వీల్లేదు. ఇది మంచిదే. కానీ ఒక సంగతి గమనించండి. పోడు కదిలేది, తోట కదలదు. ఒకసారి వేసిన జీడిచెట్టు ముప్పై ఏళ్ళు అక్కడే ఉంటుంది. నేలకి విశ్రాంతి ఇచ్చి ఇంకో కొండకి పోదామంటే కుదరదు. అందుచేత పూర్వం అడవి చేసిపెట్టిన పని ఇప్పుడు చెట్టు కింద ఉన్న ఆకే చెయ్యాలి. పోడులో ఉన్న కాల్చే అలవాటు మాత్రం ఉంచుకుని, వదిలేసే అలవాటు పోగొట్టుకుంటే నేలకి రెండు వైపులా నష్టమే.

చెట్టు కింద ఎవరెవరు ఉంటారు?

జీడిచెట్టు కింద ఆకు దొంతర మెల్లగా ఎత్తి చూడండి. పైన ఎండిన ఆకు. దాని కింద చిల్లులు పడిన ఆకు. ఇంకా కింద నల్లటి పొడి. ఆ పొడిలో తెల్లటి సన్నని దారాలు. అంటే ఆకు మెట్టుమెట్టుగా మట్టి అవుతోందన్నమాట. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కొక్కరు పనిచేస్తారు.

మొదట రోకలిబండలు, చెదలు, చిన్న చిన్న పురుగులు ఆకుని కొరికి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల మీద బూజు పడుతుంది. మనం చూసిన తెల్ల దారాలు ఆ బూజువే. బూజు తరవాత బాక్టీరియా. ఒక చెంచా మంచి మట్టిలో కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటాయి. ఇవి ఆకులో బిగుసుకుపోయి ఉన్న నత్రజని, భాస్వరం, పొటాష్‌లని విడదీసి వేరు తాగగలిగేట్టు చేస్తాయి. మార్కెట్లో బస్తా కొంటే వచ్చేదీ ఆ మూడే.

వానపాముల్ని (మన వైపు ఎర్రలు అంటారు) మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. కొన్ని ఆకు కిందే తిరుగుతాయి. కొన్ని పై మట్టిలో అడ్డంగా తొలుచుకుంటూ పోతాయి. కొన్ని లోతుకి నిలువు బొరియలు చేసి, రాత్రి పైకొచ్చి ఆకుని లోపలికి లాక్కుంటాయి. ఆ బొరియలే వాన నీటికి దారులు. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది 40 వేల లీటర్ల నీళ్ళు. నేలలో దారులు ఉంటే ఆ నీరు దిగుతుంది. లేకపోతే వాలు వెంబడి పరిగెడుతుంది.

ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ అనే గొప్ప శాస్త్రవేత్త చనిపోవడానికి ఏడాది ముందు, అంటే 1881లో, చివరి పుస్తకం వానపాముల మీదే రాశాడు. తన దేశంలో చాలా చోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకి పైగా మట్టి వానపాముల కడుపులోంచి పైకి వస్తోందని లెక్క కట్టాడు. పది టన్నులంటే ఒక లారీ మట్టి. ఎద్దులూ లేవు, నాగలీ లేదు.

ఇంకొకటి వేరు బూజు. జీడి, మామిడి, కొబ్బరి, ఇంకా ఎన్నో చెట్ల వేళ్ళలో ఒక రకం బూజు కాపురం ఉంటుంది. వేరు వెళ్ళలేని సందుల్లోకి అది సన్నని దారాలు పంపించి భాస్వరం, నీరు తెచ్చి చెట్టుకి ఇస్తుంది. చెట్టు బదులుగా పంచదార ఇస్తుంది. సంతలో ఉప్పుకి చింతపండు మార్చుకున్నట్టే.

తొలకరి తరవాత ఎర్రటి మఖమల్ గుడ్డలా మెరిసే ఆరుద్ర పురుగుల్ని మనమంతా పట్టుకుని అరచేతిలో ఆడించినవాళ్ళమే. అవి మిగతా రోజుల్లో ఎక్కడుంటాయి? మట్టిలోనే. చిన్న పురుగుల్నీ వాటి గుడ్లనీ తింటాయి. వాన పడగానే లేచే ఉసుళ్ళు కూడా మట్టిలోవే, చెదలకి రెక్కలు వచ్చినవి. వాటిని వేయించుకు తింటాం గదా. పుట్టల మీద లేచే పుట్టగొడుగులు కొన్ని ఆ చెదలే లోపల పెంచుకునే బూజు నుంచి వస్తాయి. ఉసుళ్ళు, పుట్టగొడుగులు, ఆరుద్ర పురుగులు తగ్గిపోతే నేలలో ఏదో తేడా వచ్చిందని అర్థం చేసుకోవాలి.

నాలుగు పనులు, నాలుగు ఫలితాలు

తోట కింద నేలతో మనం చేసే పనులు ముఖ్యంగా నాలుగు: కాల్చడం, దున్నడం, గడ్డి మందు కొట్టడం, కప్పి ఉంచడం.

1. కాల్చడం. ఆకు కాలితే దానిలోని నత్రజనిలో ఎక్కువ భాగం పొగతో గాలిలో కలిసిపోతుంది. బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి. అందుకే కాల్చిన ఏడాది చెట్టు కొంచెం పచ్చగా కనపడవచ్చు. కానీ వాలు నేల మీద బూడిద మొదటి గట్టి వానకే వాగులోకి పోతుంది. ఆకు దొంతరలో, పై రెండు అంగుళాల్లో ఉన్న పురుగులు, గుడ్లు, బూజు మాడిపోతాయి. మళ్ళీ పక్క నుంచి రావాలంటే నెలలు పడుతుంది. అవి కుదురుకునే లోపల ఇంకో మాఘమాసం వస్తుంది. ఇవి కాక నిప్పు చెయ్యి దాటితే పూత మాడుతుంది, పక్కవాళ్ళ తోట అంటుకుంటుంది, అడవి అంటుకుంటుంది.

2. దున్నడం. కొత్త తోటలో చెట్ల మధ్య అపరాలు వెయ్యడానికి దున్నుతారు. అది వేరు. పెద్ద తోటలో చెట్టు మొదలు దాకా ట్రాక్టరుతో పదే పదే దున్నితే ఆహారం తీసుకునే సన్న వేళ్ళు తెగుతాయి, ఎందుకంటే అవి పై మట్టిలోనే ఎక్కువ. వానపాముల బొరియలు, బూజు దారాలు తెగుతాయి. వాలుకి ఎదురుగా, పై నుంచి కిందకి దున్నితే ప్రతి చాలూ ఒక కాలువ అవుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మట్టి కొట్టుకుపోతే ఎంత? దాదాపు 5 టన్నులు, అంటే రెండు ట్రాక్టర్ల మట్టి. మిల్లీమీటరు కదా, కంటికి తెలియదు. పదేళ్ళకి వేళ్ళు బయటపడినప్పుడు తెలుస్తుంది.

3. గడ్డి మందు. కూలి ఖర్చు తగ్గుతుందని ఇప్పుడు చాలామంది కొడుతున్నారు. మందు కొట్టిన వారానికి గడ్డి ఎర్రబడి చస్తుంది. నేల బోసిపోతుంది. ఎండకి వేడెక్కుతుంది, వానకి బిగుసుకుంటుంది. గడ్డి వేళ్ళ మీద బతికే బూజు, బాక్టీరియాలకి తిండి ఉండదు. మనుషుల సంగతీ ఉంది. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వాడకం మీద కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆంక్షలు పెడుతూ ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అనే ఇంకో మందు నోట్లోకి పోతే దానికి విరుగుడు మందే లేదు. కనుక ఇంట్లో ఖాళీ డబ్బాల్లో మంచినీళ్ళు గానీ నూనె గానీ ఎప్పుడూ పొయ్యనివ్వకండి. ఇది మాత్రం తప్పకుండా చెప్పండి.

ఆకుల మీద కొట్టే పురుగు మందు కూడా కడకు మట్టికే దిగుతుంది. కేరళలో కాసరగోడ్ జిల్లాలో జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్ళకి పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే మందు చల్లారు. 2000 దాకా అది సాగింది. అది వాగుల్లో, బావుల్లో చేరింది. అక్కడి పల్లెల్లో ఎందరో జబ్బు పడ్డారు, పిల్లలు అవకరాలతో పుట్టారు. 2011 మేలో సుప్రీం కోర్టు ఆ మందుని దేశమంతటా నిలిపివేసింది. ఆ తోటలూ మన తోటల్లాంటివే, కొండవాలు మీదివే.

4. కప్పి ఉంచడం. రాలిన ఆకు, కోసిన గడ్డి, పచ్చి రొట్ట - ఏదో ఒకటి నేల మీద కప్పుగా ఉంచడం. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. ఎండాకాలం కింద తడి ఆరదు. పురుగులకి తిండీ ఇల్లూ రెండూ ఉంటాయి. జీడి ఆకు దళసరి, వగరు ఎక్కువ, తొందరగా కుళ్ళదు. "మా తోటలో ఆకు ఎన్నాళ్ళైనా అట్లాగే ఉంటుంది" అంటారు, నిజమే. దానికి ఉపాయం, మెత్తటి పచ్చి ఆకు కలపడం. గట్టు మీద గ్లైరిసీడియా కొమ్మలు పాతితే సులువుగా బతుకుతుంది. ఆ రొట్ట, కొంచెం పశువుల పేడ కలిపితే జీడి ఆకు తొందరగా దిగుతుంది.

"అయితే పిక్కలు ఎట్లా ఏరాలి?"

ఇది న్యాయమైన ప్రశ్న. పిక్కల మీద వచ్చే డబ్బుతోనే మన బట్టలు, పుస్తకాలు, ఇంటి అప్పు. దొంతరగా ఆకు ఉంటే పిక్క దొరకదు. రెండోది, ఆకులో పాము ఉంటుందనే భయం. ఈ రెండూ ఊరికే కొట్టిపారెయ్యగల మాటలు కావు.

కానీ శుభ్రం చెయ్యడం వేరు, కాల్చడం వేరు. ఆకుని ఊడ్చండి, అగ్గి మాత్రం పెట్టకండి. ఊడ్చిన ఆకుని ఎక్కడ వెయ్యాలి అంటే:

- వాలులో చెట్టుకి దిగువన, మొదలు నుంచి నాలుగైదు అడుగుల దూరంలో అర్ధచంద్రాకారంగా చిన్న కట్ట వెయ్యాలి. ఊడ్చిన ఆకు చెట్టుకీ కట్టకీ మధ్య వెయ్యాలి. వాన నీరు అక్కడ ఆగి, ఆకుని తడిపి, వేళ్ళకి దిగుతుంది.

- లేదా రెండు వరసల మధ్య, వాలుకి అడ్డంగా ఆకుని బారుగా పేర్చాలి. ఆ బారు మట్టిని ఆపే గట్టులా పనిచేస్తుంది. పిక్కలు ఏరే చోటు ఖాళీగానే ఉంటుంది. మనం చెయ్యి పెట్టేది ఊడ్చిన చోటే కనుక పాము భయమూ తగ్గుతుంది. బారు దగ్గర మాత్రం చేత్తో కెలక్కుండా కర్రతో కదపాలి.

- ఆకుని చెట్టు మొదలుకి ఆనించి కుప్ప పొయ్యకూడదు. జీడికి కాండం, వేరు తొలిచే పురుగు ఉంది. అది మొదలు దగ్గర బెరడు సందుల్లో గుడ్లు పెడుతుంది. మొదలు చుట్టూ ఒక మూర ఖాళీగా ఉంటే బెరడు నుంచి కారే బంకా, రాలే పొట్టూ కనపడతాయి. అప్పుడు వెంటనే పురుగుని తీసేయవచ్చు.

- తోట చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పు బాట ఆకు లేకుండా ఉంచాలి. బయటి నుంచి నిప్పు వచ్చినా లోపలికి రాదు.

- పిక్కలు అయిపోయాక, మృగశిర కార్తెలో తొలి వాన పడగానే, బారులో ఆకుని కొంచెం విడదీసి చెట్ల కింద పరచాలి. అప్పటి నుంచి పని వానపాములదే.

ఎకరానికి అరవై చెట్లు ఉంటే ఇది ఇంటిల్లిపాదికీ రెండు మూడు రోజులు ఎక్కువ పని. కాల్చడం కంటే కష్టమే, ఒప్పుకోవాలి. అందుకని మొదటి ఏడాది పది చెట్ల కింద మాత్రం చేసి చూడమని చెప్పండి. పక్కపక్కనే కాల్చిన పదీ, కాల్చని పదీ ఉంటే తేడా కళ్ళతో చూసుకోవచ్చు. మన పెద్దవాళ్ళు చెప్పిన మాట కంటే చూసిన చెట్టునే నమ్ముతారు.

ఇంకో మాట. కాల్చొద్దు, దున్నొద్దు అంటే తోటని గాలికి వదిలెయ్యమని కాదు. జపానులో మసనోబు ఫుకుఓకా (1913-2008) అనే ఆయన ఉద్యోగం మానేసి వ్యవసాయానికి వచ్చాడు. మొదట్లో తండ్రి నారింజ తోటని ఏమీ ముట్టుకోకుండా ప్రకృతికే వదిలేశాడు. వందల చెట్లు ఎండిపోయాయి. తరవాత చెట్ల కింద క్లోవర్ అనే పప్పుజాతి గడ్డి పెంచి, దున్నకుండా, మందు కొట్టకుండా అదే నేలని బాగుచేశాడు. దాని గురించి 1975లో రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. వదిలెయ్యడం వేరు, చూసుకోవడం వేరు అని ఆయన కథ చెబుతుంది.

మన మట్టి ఎక్కడికి పోతుంది?

శ్రావణ, భాద్రపదాల్లో గోదావరి ఎర్రగా ఎందుకు వస్తుంది? అది కొండల మట్టి. మన వాగులు శబరిలోనో గోదావరిలోనో కలుస్తాయి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు పాపికొండల మధ్య నుంచి రాజమండ్రికి, 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్టకి, అక్కడి నుంచి పాయలుగా సముద్రానికి పోతుంది. కోనసీమ, లంకలు, డెల్టా అంతా వేల ఏళ్ళుగా ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు మట్టే. వాళ్ళకి దిగిన ప్రతి బుట్టెడు ఒండ్రూ ఎక్కడో ఒక కొండ మీద తగ్గిన మట్టి.

అయితే అంత మంచి ఒండ్రు ఉన్న డెల్టా రైతులకి కూడా మట్టిలో జీవాల బాధ తప్పలేదు. కోనసీమ కొబ్బరి తోటల సంగతి చూడండి. కొబ్బరికి గానోడెర్మా తెగులు వస్తుంది. అది మట్టిలో ఉండే బూజు వల్ల వచ్చేదే. వేళ్ళు కుళ్ళి, మొదలు నుంచి ఎర్రగా రసం కారి, చెట్టు చచ్చిపోతుంది. ఒక చెట్టు పాదులోంచి ఇంకో చెట్టు పాదులోకి నీరు పారిస్తే తెగులు కూడా నీటితో పోతుంది. అందుకే వేరువేరు పాదులు చెయ్యమంటారు. దానికి మందు కూడా మట్టిలో బూజే! ట్రైకోడెర్మా అనే మంచి బూజు చెడ్డ బూజుని తినేస్తుంది. చెట్టుకి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి పాదులో వెయ్యమని సిఫారసు. అంబాజీపేటలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి మీద ఇలాంటి పరిశోధనలు చేస్తుంది.

కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు కూడా అంతే. దాని పిల్ల పురుగులు పెంటకుప్పల్లో, కుళ్ళిన మోడుల్లో పెరుగుతాయి. మెటారైజియం అనే ఆకుపచ్చ బూజుని పెంటలో కలిపితే ఆ పిల్ల పురుగులు జబ్బు పడి చస్తాయి. అంటే మట్టిలో చెడ్డవీ ఉంటాయి, మంచివీ ఉంటాయి. నేల జీవంతో ఉంటే మంచివి చెడ్డవాటిని అదుపులో ఉంచుతాయి. అన్నిటినీ కలిపి కాలిస్తే అదుపు పెట్టేవాళ్ళు కూడా పోతారు.

ఒక కొబ్బరి చెట్టు ఏడాదికి సుమారు 12 మట్టలు రాలుస్తుంది. ఎకరానికి 60 చెట్లైతే 720 మట్టలు. వాటిని పొయ్యిలోకి, దడికి వాడగా మిగిలినవి ముక్కలు కొట్టి పాదులో వేసే రైతులున్నారు, కుప్ప పోసి కాల్చేవాళ్ళూ ఉన్నారు. కొబ్బరి డొక్కలు పాదు చుట్టూ పాతితే అవి నీటిని పట్టి ఉంచుతాయి, మెల్లగా పొటాష్ ఇస్తాయి. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేసిన చోట కోకో ఆకు రాలి నేలంతా మెత్తటి పరుపు అవుతుంది. పశ్చిమ గోదావరి మెట్టలో ఆయిల్‌పామ్ తోటల్లో కొట్టిన మట్టల్ని వరసల మధ్య పేర్చి వదిలేస్తారు. చెట్టు ఏదైనా, నేల కింద సూత్రం ఒకటే.

2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం నేర్పుతున్నారు. ఏడాది పొడుగునా నేల కప్పి ఉండాలనేది అందులో ముఖ్యమైన మాట. జీవామృతం కలిపేటప్పుడు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండితో పాటు గట్టు మీదదో అడవిదో గుప్పెడు మట్టి వెయ్యమంటారు. ఆ గుప్పెడు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కానీ జీవామృతం పోసి ఆకు కాల్చేస్తే, చుట్టాల్ని పిలిచి అన్నం పెట్టకపోవడమే అవుతుంది.

మీరే చేసి చూడండి

మన బడి ఆవరణలోనే ఈ పరీక్షలు చెయ్యవచ్చు. రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి రోజూ ఊడ్చే చెట్టు కింద. రెండోది కంచె పక్కన, ఎవరూ ఊడవని చెట్టు కింద.

నీటి పరీక్ష: పాల డబ్బా రెండు వైపులా మూత తీసి రెండు వేళ్ళ లోతు నేలలో దిగ్గొట్టండి. ఒక గ్లాసు నీళ్ళు పోసి ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాయండి. రెండు చోట్లా అదే గ్లాసు వాడాలి.

మట్టిగడ్డ పరీక్ష: రెండు చోట్ల నుంచి ఎండిన మట్టిగడ్డలు తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్ళలో మెల్లగా వెయ్యండి. జీవం ఉన్న మట్టి చాలాసేపు గడ్డగానే ఉంటుంది. వానపాము జిగురు, బూజు దారాలు దాన్ని పట్టి ఉంచుతాయి. జీవం పోయిన మట్టి విడిపోయి నీళ్ళు బురదవుతాయి. వానకి వాలు మీద జరిగేదీ అదే.

వానపాముల లెక్క: వానాకాలంలో అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తవ్వి, మట్టి గోనె మీద పరిచి లెక్కపెట్టండి. లెక్క అయ్యాక మట్టీ వానపాములూ మళ్ళీ గుంటలోనే వెయ్యాలి.

గరాటు పరీక్ష: ప్లాస్టిక్ సీసా పై భాగం కోసి తలకిందులుగా పెడితే గరాటు. మూతి దగ్గర దోమతెర ముక్క పెట్టి, పైన గుప్పెడు తడి ఆకు చెత్త వేసి, ఎండలో ఉంచండి. కింద తెల్ల గిన్నెలో కొంచెం నీళ్ళు. వేడికి పురుగులు కిందకి దిగి గిన్నెలో పడతాయి. ఇటలీ శాస్త్రవేత్త బెర్లీజ్ 1905లో చెప్పిన పద్ధతి ఇదే. భూతద్దంతో చూస్తే ఎన్ని రకాలో తెలుస్తుంది. సైన్సు మాస్టారి దగ్గర భూతద్దం ఉంది, అడిగి తీసుకోండి.

గుడ్డ పరీక్ష: పాత తెల్ల నూలు గుడ్డ రెండు ముక్కలు చేసి రెండు చోట్లా జానెడు లోతున పాతండి. రెండు నెలల తరవాత తియ్యండి. ఏది ఎక్కువ చిరిగిపోయి, చిల్లులు పడిందో అక్కడ మట్టి బాగా తింటోందన్నమాట. ఇక్కడ మాత్రం చిరిగిన గుడ్డకే మార్కులు!

ప్రభుత్వ ప్రయోగశాలలో మట్టి పరీక్ష చేయించినా మంచిదే. భూసార పత్రాల పథకం 2015లో మొదలైంది. ఆ కాగితంలో "సేంద్రియ కర్బనం" అని ఒక గడి ఉంటుంది. అది 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ అని, 0.75 దాటితే ఎక్కువ అని అర్థం. మన ఇంట్లో ఆ కాగితం ఉంటే ముందు ఆ గడి చూడండి. సందేహాలకి మనకి దగ్గర్లో పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. మనలో కొందరు పదో తరగతి తరవాత ఉద్యాన డిప్లొమా చదవవచ్చు, అది కూడా మనసులో పెట్టుకోండి.

వార్డెన్ గారికి, మిత్రులకి మనవి

మన హాస్టలు ఆవరణలో రోజూ పొద్దున మనమే ఊడుస్తాం. ఆ ఆకు వంటశాల వెనక కాలుస్తున్నారు. పొగ గదుల్లోకి వస్తుంది, దగ్గు వచ్చేవాళ్ళకి ఇబ్బంది. అయ్యా వార్డెన్ గారూ, బోరు పక్కన ఒక గుంటకి చోటు చూపించండి. రెండు గజాల పొడుగు, గజం వెడల్పు, గజం లోతు చాలు. తవ్వేది మేమే. ఆకు, కూరగాయల తొక్కు, పేడ వరసగా వేసి తడుపుతూ ఉంటే కొన్ని నెలల్లో ఎరువు తయారవుతుంది. దాన్ని మన మామిడి, జామ చెట్లకీ, మునగ పాదులకీ వెయ్యవచ్చు. ప్లాస్టిక్ కాగితాలు మాత్రం అందులో వెయ్యకూడదు. తరగతికి ఒక వారం వంతు పెట్టుకుందాం.

మిత్రులారా! విత్తనం వేసే ముందు మన ఊళ్ళలో భూమి పండుగ చేస్తాం. భూమి తల్లిని అడిగే విత్తు వేస్తాం. అంత మర్యాద తెలిసిన మనం ఆమె ఒంటి మీద కప్పుని ఏటా కాల్చడం బాగుండదు. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అయ్యకీ అమ్మకీ ఈ సంగతులు చెప్పండి. వాదన పెట్టుకోవద్దు. "పది చెట్లు నాకు వదలండి, ఆకు నేనే ఊడ్చి పేరుస్తాను" అని అడగండి. వచ్చే వానాకాలం ఆ పది చెట్ల కింద అడుగు గుంట తవ్వి, వానపాముల్ని లెక్కపెట్టి, ఆ అంకె తెచ్చి ఈ గోడపత్రిక కింద రాయండి. ఊరి పేరు, కాల్చిన చోట ఎన్ని, కాల్చని చోట ఎన్ని - అంతే చాలు. ఆ జాబితా కోసం కింద ఖాళీ జాగా వదిలాం.